మామిడిచెట్టు కింద టేకు డెక్కు: మూడు రకాల నలుపు, ఒక మరమ్మతు

చిత్తూరు నుంచి బంగారుపాళ్యం వెళ్లే దారిలో, తోతాపురి తోట మధ్య ఒక ఇల్లు. ఇంటికి తూర్పు వైపు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో టేకు డెక్కు, అంటే ఆరుబయట చెక్క పలకలు పరిచిన అరుగు. నేలకు అడుగున్నర ఎత్తున ఇనుప చానెళ్లు, వాటి మీద 4 అంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకలు. కట్టి ఎనిమిదేళ్లయింది. కట్టినప్పుడు నిగనిగలాడే వార్నిష్ వేశారు. అది పెచ్చులు లేచినప్పుడల్లా దాని మీదే మళ్లీ వేయించుకుంటూ వచ్చారు. డెక్కులో సగభాగం మీదికి ఒక ముదురు మామిడిచెట్టు కొమ్మలు చాచి ఉంది.

యజమాని రైతు. ఫోనులోనే పని ఏమిటో తేల్చేశారు. "మేస్త్రీ, చెక్కంతా నల్లబడిపోయింది. మిషను పెట్టి పైపొర లేపేసి, అద్దంలా వార్నిష్ కొట్టేయండి." బయట ఎండా వానా తగిలే చెక్కకు నన్ను పిలిచేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే అంటారు. నలుపంటే చెక్క పాడైందని, పాడైనదాన్ని గీకేస్తే కొత్తది బయటపడుతుందని లెక్క. అంగుళం పలక అంటే 25 మిల్లీమీటర్లు. స్క్రూ తలలు పైనుంచి 3 మిల్లీమీటర్ల లోతున దిగి ఉన్నాయి. గట్టిగా ఒక్కసారి సాండింగ్ మిషను (గరుకు కాగితంతో చెక్కను అరగదీసేది) తిప్పితే మిల్లీమీటరు నుంచి రెండు దాకా పోతుంది. అలా రెండుసార్లు గీకితే స్క్రూ తలలు కాళ్లకు తగులుతాయి. అందుకే నలుపు దేనివల్ల వచ్చిందో తేలేదాకా మిషనుకు కరెంటు ఇవ్వను.

ఈ డెక్కు మీద ఆ నలుపు ఒకటి కాదు, మూడు.

మొదటిది: చెట్టు మీది నుంచి దిగిన మసి

చెట్టు నీడ పడే సగం మీద చెప్పులు వేసుకుని నడిస్తే చిటచిటమని అంటుకుంటున్నాయి. పలక మీద వేలితో రాస్తే వేలికి మసి వచ్చింది. తలెత్తి చూస్తే చెట్టు ఆకుల మీదా అదే మసి. మామిడి రైతుకు ఇది కొత్త సంగతి కాదు. పూత సమయంలో తేనెమంచు పురుగు పూగుత్తుల రసం పీల్చి, జిగురుగా తియ్యటి ద్రవాన్ని విసర్జిస్తుంది. ఆకుల మీద పడ్డ ఆ తీపి మీద నల్లటి బూజు పెరుగుతుంది. దాన్నే మసి తెగులు అంటారు. ఆకుల మీద పడేది కింద ఉన్న డెక్కు మీద మాత్రం పడకుండా ఉంటుందా? తోటకు మందు కొట్టించే యజమానికి ఆకు మీది మసి తెలుసు, కాళ్ల కింది మసి మాత్రం చెక్క జబ్బులాగా కనబడింది.

ఈ బూజు చెక్కను తినదు. చక్కెరను తిని చెక్క మీద కూర్చుంటుంది, అంతే. చక్కెర నీళ్లలో కరుగుతుంది కాబట్టి వేడినీళ్లు, సబ్బు, మెత్తటి బ్రష్షు ఉంటే చాలు. యజమాని తల్లిగారు మా మాటలు వింటూ, "సబ్బెందుకు నాయనా, ఇంట్లో కుంకుడుకాయలున్నాయి" అని ఒక గిన్నెడు రసం తీసుకొచ్చారు. ఒక పలక మీద పోసి రుద్దితే మసి చక్కగా వదిలింది. కుంకుడు నురగ జిడ్డును లేపే పనిలో సబ్బుకు తీసిపోదు. దాదాపు రెండు వందల చదరపు అడుగులకు కుంకుళ్లు కొట్టే ఓపిక ఎవరికీ లేక మిగతాదానికి గిన్నెలు తోమే ద్రవం కలిపిన వేడినీళ్లే వాడాం. పోగు వెంటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే మెత్తటి పోగు చిరిగి చెక్క నూగుగా లేస్తుంది.

నా దగ్గర పనిచేసే కుర్రాడు కార్లు కడిగే ప్రెషర్ పంపు అడిగాడు. వద్దన్నాను. ఎండకు పైపొర బలహీనపడిన టేకు మీద ఆ ధార పెడితే మెత్తటి భాగం కొట్టుకుపోయి, గట్టి గీతలు పక్కటెముకల్లా తేలతాయి. తర్వాత దాన్ని చదును చేయడానికి మిషను తిప్పక తప్పదు. మిషను తప్పించుకోవడానికే కదా ఈ కడుగుడంతా.

కడిగాక చెట్టు వైపు ముప్పావు వంతు నలుపు పోయింది. కింద బూడిదరంగు టేకు బయటపడింది. ఆ బూడిదరంగు కూడా జబ్బు కాదు. చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు విరిగిపోతుంది, వాన దాన్ని కడిగేస్తుంది, వెలిసిన పోగు పైన మిగులుతుంది. అది పలుచని పొర మాత్రమే. కింద చేవ, అంటే మాను నడిమి గట్టి భాగం, చెక్కుచెదరలేదు.

రెండోది: స్క్రూల చుట్టూ సిరామరకలు

ప్రతి స్క్రూ చుట్టూ నీలం కలిసిన నల్లటి మచ్చ, దాని నుంచి పోగు వెంట అటూ ఇటూ తోక. సబ్బుకు చలించలేదు. పూలకుండీల ఇనుప స్టాండ్లు పెట్టిన చోట నాలుగు కాళ్ల గుర్తులు అచ్చు గుద్దినట్టున్నాయి. చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, తడి, ఈ మూడూ కలిస్తే పుట్టేది ఇదే. పూర్వం సిరా తయారుచేసిన పద్ధతీ ఇంతే: కరక్కాయలాంటి టానిన్ ఉన్న కాయ, ఇనుప ఉప్పు, నీళ్లు. డెక్కు కట్టినవాళ్లు మామూలు ఇనుప స్క్రూలు వాడారు. పైపూత అరిగి తుప్పు మొదలైన రోజు నుంచి చెక్కలో సిరా ఊరుతూనే ఉంది.

దీన్ని మరింత పెంచింది బ్లీచింగ్ పౌడరు. నలుపు చూసి పాచి అనుకుని, తోటలో పనిచేసేవాళ్లు ఒకటికి రెండుసార్లు బ్లీచింగ్ నీళ్లు పోసి కడిగారట. క్లోరిను బూజును తెల్లబరుస్తుంది కానీ ఇనుప మరకను ముట్టుకోదు, పైగా స్క్రూలను ఇంకా త్వరగా తుప్పు పట్టిస్తుంది. నిజానికి బ్లీచు ఒక మంచి పరీక్ష, అది ఒక్క చుక్కతో సరి. నల్లమచ్చ మీద చుక్క వేసి చూడండి. కాసేపటికి తెల్లబడితే బూజు, తెల్లబడకపోతే ఇనుమో మురికో.

ఇనుప మరకకు మందు ఆక్సాలిక్ యాసిడ్. లీటరు వేడినీళ్లకు 50 గ్రాముల చొప్పున ప్లాస్టిక్ బకెట్లో కలిపాం. ఇక్కడే చిత్తూరు వైపు పనిచేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన బోరునీళ్లలో సున్నం ఎక్కువ. ఆక్సాలిక్ యాసిడ్ ఆ కాల్షియంతో కలిస్తే నీళ్లలో కరగని తెల్లటి పదార్థం ఏర్పడుతుంది. బకెట్లో నీళ్లు పాలలాగా మారతాయి, మందు కొంత అక్కడే ఖర్చవుతుంది, చెక్క ఆరాక పోగుల్లో తెల్లటి పొడి మిగిలిపోతుంది. చాలామంది "యాసిడ్ చెక్కను తినేసింది" అనుకునేది ఈ తెలుపును చూసే. ప్లాంటు నుంచి తాగునీటి క్యాన్లు తెప్పించి, మందు కలపడానికీ మొదటి కడుగుకూ ఆ నీళ్లే వాడాం. చివరి కడుగుకు బోరునీళ్లు సరిపోయాయి.

మచ్చ మీద మాత్రమే పూస్తే మచ్చ పోయి దాని చుట్టూ తెల్లటి వలయం తేలుతుంది. కాబట్టి పలక మొత్తానికీ పూయాలి. పావుగంట తడిగా ఉంచాలి, ఎండిపోతుంటే మళ్లీ తడపాలి, తర్వాత ధారాళంగా కడగాలి. మచ్చలు కళ్ల ముందే నీలం నుంచి గోధుమరంగుకు, గోధుమ నుంచి చెక్క రంగుకు వచ్చాయి. ఈ పనిలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. కుర్రాడైతే ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు. బూడిదరంగు కూడా దీనితోనే చాలావరకు వదిలి, టేకు తన తేనెరంగుకు తిరిగొచ్చింది.

జాగ్రత్తలు పొడిగా చెబుతాను. ఈ యాసిడ్ విషం. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు తప్పవు. పెరట్లో దూడ తిరుగుతుంటే కట్టేయించి, కడిగిన నీళ్లు దాని తొట్టి వైపు పోకుండా మట్టి అడ్డం వేయించాను. బ్లీచింగ్ వాసన ఇంకా ఉన్న చెక్క మీద యాసిడ్ పోయకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. ముందు బాగా కడిగి, ఒక రోజు వదిలేయాలి. యాసిడ్ చెక్కలో ఎండిపోయాక కడగకుండా సాండింగ్ చేస్తే ఆ పొడి ముక్కులోకి వెళ్లి మంట పుట్టిస్తుంది.

మూడోది: మెత్తబడిన చోటు

మసి పోయింది, సిరా పోయింది. అప్పుడు మిగిలిన నలుపే అసలు జబ్బు. అది మెట్టు దగ్గర నాలుగైదు పలకల కోసిన చివరల్లోనూ, ఒక పలక అంచు పొడవునా కనబడింది. పరీక్షకు సన్నటి స్క్రూడ్రైవరు చాలు. మంచి టేకులో మొన దిగదు, గట్టిగా నొక్కితే గాటు పడుతుంది, అంతే. ఇక్కడ అర అంగుళం దిగిపోయింది. పక్కకు ఎత్తితే పుల్ల టప్పున విరగలేదు, తడి అట్టముక్కలాగా ఊడివచ్చింది.

ఊడివచ్చిన అంచును కడిగి చూస్తే కారణం కనబడింది. ఆ పలకకు ఒక వైపు వేలెడు వెడల్పున తెల్ల చెక్క ఉంది. టేకు పుచ్చదనే పేరు చేవకు మాత్రమే వచ్చింది. చేవ చుట్టూ ఉండే తెల్ల భాగానికి ఆ రక్షణ లేదు, తడిలో ఉంచితే మామూలు చెక్కలాగే పుచ్చుతుంది. తోటల్లో త్వరగా పెంచి కోసిన లేత టేకులో ఈ తెల్లదనం పాలు ఎక్కువ. వార్నిష్ కింద రంగు కలిసిపోతుంది కాబట్టి కొనేటప్పుడు ఎవరూ గమనించరు.

తెల్ల చెక్క ఒక్కటే నేరస్తురాలు కాదు. పలకల మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదిలారు, అందులో మామిడి పూరెమ్మలు, ఆకుముక్కలు ఇరుక్కుని ఒత్తులాగా తడిని పట్టి ఉంచాయి. డెక్కు కిందికి టార్చి వేస్తే చానెళ్ల ఎత్తు దాకా రాలిన ఆకు. గాలి ఆడే దారి లేదు. పైన వార్నిష్ పొర, కింద తడి. తడికి చెక్క ఉబ్బుతుంది, ఎండకు ఆరి కుదించుకుపోతుంది, గట్టి పొర దానితో పాటు కదలలేక చీలుతుంది, ఆ చీలికలోంచి నీళ్లు దిగుతాయి, దిగిన నీళ్లు మళ్లీ పైకి రావడానికి అదే పొర అడ్డం. మూడోసారి వేసిన వార్నిష్ రెండు వానాకాలాలు కూడా నిలవలేదంటే తప్పు డబ్బా మీది బ్రాండుది కాదు.

యజమానితో అసలు వాదన ఇక్కడ జరిగింది. ఆయనకు మెరుపు కావాలి. "బెంగళూరులో మా అబ్బాయి ఇంట్లో ఫ్లోరింగు మొహం చూసుకునేంత మెరుస్తుంది" అన్నారు. అది ఇంటి లోపల, ఇది మామిడిచెట్టు కింద అని చెప్పాను. బయట నేల మీద పొర కట్టే పూత ఏది వేసినా ఏదో ఒక రోజు పెచ్చు లేస్తుంది, లేచిన రోజు మొత్తం గీకాల్సిందే. చెక్కలోకి ఇంకే నూనె పెచ్చు లేవదు, వెలుస్తుంది. వెలిస్తే కడిగి మళ్లీ పూస్తే సరి. ఆయన ఒప్పుకోలేదు. ఒక పాత పలక ముక్కను సగం వార్నిష్, సగం నూనె పూసి, నీళ్ల తొట్టి అంచున పెట్టించాను. ఎండకు, తొట్టి తడికి రెండు వారాలు తిరగకుండానే వార్నిష్ సగం కోసిన చివర దగ్గర పాలరంగుకు తిరిగింది. తర్వాత ఆయనే ఫోను చేశారు.

ఎప్పుడు చేయాలన్నది సగం పని

మామూలు డెక్కుకు జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. మామిడి కింద ఉన్నదానికి అదే చెడ్డ కాలం, పూత మీది తేనెమంచు అప్పుడే రాలుతుంది. పచ్చి నూనె మీద ఆ జిగురు పడితే ఈగలు, దుమ్ము, బూజు అన్నీ అంటుకుని గట్టిపడతాయి. ఏప్రిల్ నడిమి నుంచి మామిడి జల్లుల భయం. మే ఎండకు పలకలు కాలుతుంటే నూనె లోపలికి దిగకముందే పైన చిక్కబడిపోతుంది. జూన్, జులై కోతల కాలం, డెక్కు నిండా బుట్టలే. ఆ తర్వాత నైరుతి, దాని వెనకే ఈశాన్యం. అన్నీ తీసేస్తే పిందె కట్టిన తర్వాత మార్చి ఆఖరు నుంచి కొన్ని వారాలే మిగులుతాయి.

ఉగాదికి చుట్టాలు వస్తారు, ఆలోపే పూర్తి చేయమన్నారు యజమాని. కడగడం, మరకలు తీయడం, పలకలు మార్చడం పండగలోపు చేసి, నూనె మాత్రం తర్వాత అన్నాను. చుట్టాలు పూత లేని డెక్కు మీదే కూర్చుని పచ్చడి తిన్నారు. చెక్క ఆరడానికి ఆ వ్యవధి ఎలాగూ కావాలి. కడిగిన మర్నాడు తేమ మీటరు చెట్టు వైపు 24 శాతం చూపింది, ఎండ వైపు 17. రెండు వైపులా 15 లోపుకు వచ్చేదాకా నూనె డబ్బా మూత తీయలేదు. నీళ్లతో నిండిన పోగులోకి నూనె ఎక్కడికి పోతుంది?

మరమ్మతు సంగతి క్లుప్తంగా. స్క్రూలన్నీ తీసి పలకలు లేపాం. కింద ఆకు ఎత్తించి, నేలను బయటికి వాలుగా చేయించి, రెండు వైపులా మూసి ఉన్న సిమెంటు రేకులు తీయించాం. చానెళ్ల తుప్పు గీకి రెడాక్సైడ్, ఆపైన ఎనామిల్ వేశాం. ఇనుము చెక్కకు నేరుగా తగలకుండా చానెల్ మీద రబ్బరు పట్టీ పరిచాం. పుచ్చిన పలకల్లో మూడింటిని చివర కోసి పొట్టి చేసి మెట్టు వైపు సర్దాం, మిగతావి తీసేసి తెల్లభాగం లేని చేవ టేకు వేశాం. సందు 5 మిల్లీమీటర్లకు పెంచాం. అలా చేస్తే చివర ఒక పలక మిగిలింది, దాన్ని పొడవునా చీల్చి అంచు పట్టీగా వాడుకున్నాం. స్క్రూలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి.

ఇనుప చానెల్‌కు కొత్త రంధ్రాలు వేసేటప్పుడు ఒక చిన్న విషయం పెద్ద తలనొప్పి తెస్తుంది. డ్రిల్లు చుట్టూ రాలే ఇనుప రజను కంటికి సరిగా ఆనదు. తడిపి కడిగిన టేకు మీద అది పడి, రాత్రి మంచు తగిలితే పొద్దుటికి ఆవగింజలంత నల్ల చుక్కలు వందల కొద్దీ మొలుస్తాయి, ప్రతి చుక్కా మళ్లీ సిరానే. అందుకే రంధ్రాలన్నీ పలకలు పరవకముందే వేయించాను. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి గుడ్డ చుట్టి, చానెళ్ల మీదా చుట్టూ నేల మీదా కుర్రాడితో తిప్పించాను. గుడ్డ విప్పి దులిపితే ముళ్లపందిలా లేచిన రజను చూసి వాడే ఆశ్చర్యపోయాడు. స్టీలు పీచు కూడా ఈ కారణంగానే డెక్కు దగ్గరికి రానివ్వను.

మిగిలిపోయిన పాత వార్నిష్ పెచ్చులను సాండింగ్ మిషనుతో కాకుండా చేతి గీకుడు బద్దతో తీశాం. వార్నిష్ మీద మిషను పెడితే వేడికి కరిగి కాగితం నిమిషంలో మూసుకుపోతుంది. అంతా తేటబడ్డాక మిషను పట్టాం, 60 నంబరు గరుకు కాగితం, తర్వాత 80 (నంబరు పెరిగేకొద్దీ నునుపు ఎక్కువ), అక్కడితో ఆపేశాం. ఫర్నిచర్ చేసి అలవాటైన వడ్రంగి చెయ్యి 150, 220 దాకా పోతానంటుంది. డెక్కు మీద అది పనికిరాదు. మరీ నునుపు చేస్తే పోగు మూసుకుని నూనె ఇంకదు, వానలో కాలు కూడా జారుతుంది. టేకు పొడి కొందరికి చర్మం మీద దురద, ముక్కులో మంట తెప్పిస్తుంది. ఎన్95 మాస్కు లేకుండా ఎవరినీ మిషను పట్టనివ్వను. తీసిన మందం మొత్తం మీద అర మిల్లీమీటరు మించలేదు.

నూనె పూసేముందు చెట్టు కింద షేడ్ నెట్ కట్టాం, రాలే పిందెల కోసం. గోధుమరంగు కలిసిన డెక్కు నూనె ఎంచుకున్నాను. రంగు లేని నూనె తడిని ఆపుతుంది కానీ ఎండను ఆపదు, కొన్ని నెలలకే బూడిదరంగు తిరిగొస్తుంది. ఎండను అడ్డుకునేది అందులోని రంగు రేణువులే. కోసిన చివరలకు ముందుగా, అవి తాగినంతా పోశాం, పలక నీళ్లు తాగేది ఎక్కువగా అక్కడి నుంచే. పొద్దున్నే పలకలు చల్లగా ఉన్నప్పుడు పూసి, ఇరవై నిమిషాలకు పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేశాం. తుడవకుండా వదిలేస్తే అది ఆరదు, జిగటగా ఉండిపోతుంది. రెండు పూతలకు మూడు లీటర్లకు కాస్త ఎక్కువ పట్టింది.

తుడిచిన గుడ్డల గురించి ప్రతి ఇంట్లో చెబుతాను, ఇక్కడా రాస్తున్నాను. ఆరే నూనె గాలితో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డలను ముద్దగా చుట్టి ఒక మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. తోటలో ఎండాకు ఉన్న చోట అలా పడేయడం కంటే ప్రమాదం లేదు. నీళ్ల బకెట్లో ముంచి ఉంచాం, తర్వాత ఒక్కోటి విప్పి బండ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారేశాం.

కొత్త పలకలు మొదట్లో లేతగా, అతికినట్టు వేరుగా కనబడ్డాయి. యజమాని భార్య రంగు కలిపి సరిచేయమన్నారు. వద్దని ఆపాను. కొత్త టేకు రంగు ఎండకు మారుతుంది, ఈ రోజు సరిపోయేలా కలిపిన రంగు మూడు నెలలకు సరిపోదు. దసరాకు వాళ్లే తేడా కనిపెట్టలేకపోయారు.

ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక జనవరిలో వెళ్లి చూశాను. స్క్రూల చుట్టూ మచ్చ లేదు. కోసిన చివరలు గట్టిగా ఉన్నాయి, కింద నేల పొడిగా ఉంది. మెట్టు దగ్గర కాళ్లు ఎక్కువ పడే చోట, చూరు నీళ్లు ధారగా పడే చోట నూనె వెలిసింది, నీటిచుక్క వేస్తే నిలవకుండా ఇంకింది. ఆ రెండు చోట్లే కడిగి, ఆరాక, ఒక పూత వేస్తే సరి. మిగతాది ఇంకో ఏడాది ఆగుతుంది. ఒక మూల మళ్లీ నాలుగు నల్లటి కాళ్ల గుర్తులు కనబడ్డాయి. కుండీ స్టాండు తిరిగొచ్చింది. దాని కాళ్లకు రబ్బరు తొడుగులు వేయించి, మచ్చలకు మిగిలిన ఆక్సాలిక్ యాసిడ్ వాడాను. డెక్కు మీదికి వాలిన రెండు కొమ్మలను కోతలయ్యాక తీయిస్తానని యజమాని మొదట అన్నారు కానీ, కాపు కొమ్మలని మనసొప్పలేదు. గుబురు తగ్గితే గాలీ వెలుతురూ ఆడి తేనెమంచు పురుగు కూడా తగ్గుతుందని మళ్లీ చెప్పి వచ్చాను. అప్పటిదాకా పూత కాలంలో వారానికోసారి డెక్కు మీద వేడినీళ్లు పోసి తుడవడం తల్లిగారు తన మీద వేసుకున్నారు.

మెరుపు మీద ఆయన మోజు పోలేదు. వరండా లోపలి సింహద్వారం చూపించి, "దీనికైనా వేస్తారా?" అని అడిగారు. వాన తగలదు, నేరుగా ఎండ పడదు, ఎవరూ తొక్కరు. అక్కడ పాలియురెథేన్ అనే మెరుపు వార్నిష్ భేషుగ్గా నిలుస్తుంది. కొలతలు తీసుకుని రేటు చెప్పాను.